28 మంది నేతగాళ్లు పెట్టిన దుకాణం.. మన ఊరి సొసైటీకి తాత అదే

సొసైటీ అంటె మీకు ఏం యాదికొస్తది? నన్నడిగితె యూరియ లైనే యాదికొస్తది. పొద్దుగాల నాలుగు గంటలకు పోయి చెప్పులు లైన్ల పెట్టుడు, పాసుబుక్ జిరాక్స్ పట్టుకొని నిలబడుడు, చివరికి రెండు బస్తలు దొరికితె దొరికినట్టు, లేకుంటె లేనట్టు. ఇగ ఎన్నికలప్పుడు చైర్మన్ ఎవలైతరని ముచ్చట. మన వయసోళ్లకు సొసైటీ అంటె గింతే. అది సర్కారు ఆఫీసని చానమంది అనుకుంటరు. కానీ అది సర్కారుది కాదు. కాయితం మీద అది మీ నాయినది, మీ పెద్దనాయినది. వాటా పైసలు కట్టిన ప్రతి రైతుది.

ఈ "కొనేటోడే ఓనర్" అనే ముచ్చట యాడికెళ్లి వచ్చిందో చెప్పాలంటె మనం బ్రిటన్ దాక పోవాలె. ఆడ "కో-ఆప్" అని ఒక దుకాణాల గొలుసు ఉన్నది. ఉప్పు పప్పు అమ్ముతది, ఇన్సూరెన్స్ అమ్ముతది, ఆఖరికి మనిషి చనిపోతె అంత్యక్రియలు గూడ చేయిస్తది. రెండు వేల మూడు వందలకు పైన కిరాణ దుకాణాలు దానివి. 180 ఏండ్ల చరిత్ర. దానికి అంబానీ లెక్క ఒక మాలిక్ లేడు. షేర్ మార్కెట్ల దాని షేరు దొరకది. సరుకు కొనే సభ్యులే దానికి మాలికులు. మొదలువెట్టింది షావుకార్లు కాదు, మన సిద్దిపేట, దుబ్బాక పద్మశాలీల లెక్క మగ్గం మీద బతికిన నేతగాళ్లు.

కల్తీ పిండి, కంపెనీ దుకాణం

ఇంగ్లండ్‌ల మాంచెస్టర్ పక్కపొంటి రాచ్‌డేల్ అని ఒక ఊరు. ఉన్ని బట్టలు నేసే ఊరు. 1840లల ఆవిరి మిషన్లు వచ్చి చేతి మగ్గాల గిరాకి సచ్చిపోయింది. కూలి పెంచుమని 1844ల నేతగాళ్లు సమ్మె చేసిండ్రు, ఓడిపోయిండ్రు. కూలి తక్కువ అనేది ఒక బాధ. వచ్చిన కూలి చేతుల నిలవకపోవుడు ఇంకో బాధ.

ఎందుకు నిలవలేదు? అప్పట్ల చాన మిల్లుల్ల కూలికి బదులు చీటీ ఇచ్చేటోళ్లు. ఆ చీటీ చెల్లేది మిల్లు ఓనర్ దుకాణంలనే. ఆడ ధర ఎక్కువ, సరుకు నాసిరకం. చీటీలు ఇయ్యని కాడ ఉద్దెర ఖాత ఉండేది. ఒక్కసారి ఖాతల పేరు ఎక్కితె ఇగ వేరే దుకాణం మెట్లు ఎక్కే తెరువు లేదు. షావుకారి ఏ ధర రాస్తె అదే ధర. పిండిల సుద్ద, పటిక కలిపేటోళ్లు. వాడేసిన చాయపత్తను ఎండవెట్టి, రంగు అద్ది మల్ల అమ్మేటోళ్లు. తూకంల మోసం సరేసరి.

ఇది మనకు తెల్వని కథనా? పత్తి విత్తనాలు, పురుగు మందులు ఉద్దెరకు తెచ్చి, పంట చేతికొచ్చినంక అదే డీలర్‌కు ఆయన చెప్పిన ధరకు పోసే రైతులు మన ఊళ్లల్ల ఎంతమంది లేరు? పైసలు ఇచ్చేటోడు, సరుకు అమ్మేటోడు, పంట కొనేటోడు ఒక్కడే అయితె మూడు దిక్కుల మనమే కోతకు గురైతం. రాచ్‌డేల్ నేతగాళ్లు పట్టుకున్న కీలకం ఇదే. కూలి పెంచుమని ఓనర్‌తోని కొట్లాడి ఓడిపోయిండ్రు. కానీ ఖర్చు పెట్టే కాడ పోతున్న పైసను ఆపుకునుడు మన చేతులనే ఉన్నది గదా అని ఆలోచన చేసిండ్రు.

28 మంది కలిసిండ్రు. అందరు నేతగాళ్లే కాదు, వేరే పనులోళ్లు గూడ కొందరున్నరు. వారానికి రెండు మూడు పెన్నీలు జమ చేసుకుంట 28 పౌండ్లు కూడవెట్టిండ్రు. టోడ్ లేన్ అనే గల్లీల ఒక పాత గోదాం కింది భాగం ఏడాదికి పది పౌండ్లకు కిరాయికి తీసుకున్నరు. 1844 డిసెంబర్ 21న రాత్రి పూట దుకాణం తెరిచిండ్రు. లోపట ఉన్న సరుకు ఎంతనుకున్నరు? ఇప్పటి లెక్కల చెప్పాలంటె 13 కిలోల వెన్న, 25 కిలోల చక్కెర, మూడు క్వింటాళ్ల గోధుమ పిండి, ఒక బస్త ఓట్స్ పిండి, కొన్ని కొవ్వొత్తులు. గంతే. వాకిట్ల పోరగాళ్లు నిలబడి ఎక్కిరిచ్చిండ్రట. మొదట్ల వారంల రెండు రాత్రులే తెరిచేటోళ్లు.

ఒక మాట చెప్పాలె. కలిసి సరుకు కొనుక్కునే సంఘం పెట్టిన మొదటోళ్లు వీళ్లే కాదు. అంతకంటె ముందు 1761ల స్కాట్లండ్‌ల ఫెన్విక్ అనే ఊరి నేతగాళ్లు సంఘం కట్టుకున్నరు. వేరేకాడ గూడ చాన సంఘాలు పుట్టినయి, మునిగిపోయినయి. రాచ్‌డేల్‌ది ఎందుకు నిలబడ్డది? వాళ్లు రాసుకున్న రూల్స్ వల్ల.

రూల్స్ ఏంది?

ఒకటి, మనిషికి ఒక్కటే ఓటు. ఒక్క షేరు ఉన్నోడికీ వంద షేర్లు ఉన్నోడికీ ఒక్కటే ఓటు. కంపెనీలల్ల అట్ల కాదు, ఎన్ని షేర్లుంటె అన్ని ఓట్లు. ఈ ఒక్క రూలుతోనే డబ్బున్నోడు దుకాణాన్ని మింగేసే తోవ బందైంది.

రెండు, ఆడోళ్లు గూడ సభ్యులే. పెండ్లైన ఆడిమనిషి ఆస్తి మొగనికే చెందుతదని ఇంగ్లండ్ చట్టం చెప్తున్న కాలం అది. ఆడోళ్లకు పార్లమెంట్ ఓటు 1918 దాక రాలేదు. ఈ దుకాణంల మాత్రం 1846లనే ఆడమనిషి సభ్యురాలైంది.

మూడు, స్వచ్ఛమైన సరుకు, సరైన తూకం, బజారు ధర. ధర తగ్గించి పక్క దుకాణంతోని పోటీ పడలేదు. బజార్ల ఎంతుంటె అంతకే అమ్మిండ్రు.

నాలుగు, ఉద్దెర లేదు, నగదే. ఇది కఠినమైన రూలు. చేతిల పైస లేనోడు ఏం చేయాలె అని అప్పుడు గూడ అడిగిండ్రు. కానీ దుకాణం ఉద్దెర ఇస్తె దుకాణం గూడ ఎవలికో అప్పు పడాలె. అప్పిచ్చినోడు చెప్పినట్టు నడవాలె. అది వద్దనుకున్నరు.

ఐదు, అసలు మంత్రం ఇదే. ఖర్చులు పోను మిగిలిన పైస ఎవలికి పోవాలె? షేర్ల మీద వడ్డీకి ఒక హద్దు పెట్టిండ్రు. మిగిలింది సభ్యులకు పంచిండ్రు. ఎవలు ఎంత పెట్టుబడి పెట్టిండ్రని కాదు, ఎవలు ఎంత సరుకు కొన్నరనే లెక్కన. దీన్నే "డివిడెండ్" అన్నరు, జనం ముద్దుగ "డివ్వీ" అన్నరు.

మన పైసల్ల లెక్క కట్టి చూడుండ్రి. మీ ఇంట్ల నెలకు మూడు వేల కిరాణం అనుకుందాం. ఏడాదికి 36 వేలు. దుకాణం ఖర్చులు పోను వందకు ఐదు రూపాయలు మిగిలినయి. ఏడాది చివరికి మీ ఇంటికి 1,800 వాపసు వస్తయి. అవి పెద్ద పైసలు కాకపోవచ్చు. కానీ పెద్ద మాల్‌ల కొంటె ఆ ఐదు రూపాయలు ఎవలికి పోతయి? మీ మొఖం ఎన్నడు చూడని షేర్‌దారుకు పోతయి. ఇంక ఒకటి. ఆ 1,800 తీసుకోకుంట దుకాణంలనే ఉంచితె అది మీ వాటాకు కలుస్తది. అట్ల కొనుడుతోనే జమ పెరుగుతది. గరీబోని ఇంట్ల పొదుపు చేసుడు ఎంత కష్టమో మనకెరుకే. తినుకుంటనే పొదుపైతున్నదంటె అంతకన్న ఏం కావాలె?

మిగులుల కొంత చదువుకు తీసి పెట్టిండ్రు. దుకాణం పైన లైబ్రరీ, పేపర్లు చదివే గది పెట్టిండ్రు. 1849ల ఆ ఊరి సేవింగ్స్ బ్యాంకు మునిగింది. జనం మిగిలిన పైసలు తెచ్చి ఈ దుకాణంల పెట్టిండ్రు. 28 మందితోని మొదలైన సంఘంల 1850 నాటికి 600 మంది, 1860 నాటికి 3,450 మంది సభ్యులైండ్రు.

ఒక్క దుకాణం గొలుసెట్ల అయింది?

రాచ్‌డేల్‌ను చూసి ఊరూర సంఘాలు పుట్టినయి. అప్పుడు కొత్త తిప్పలు వచ్చింది. చిన్న సంఘాలకు హోల్‌సేల్ వ్యాపారులు మంచి సరుకు ఇయ్యకపోవుడు, ధర ఎక్కువ చెప్పుడు. 1863ల సంఘాలన్ని కలిసి మాంచెస్టర్‌ల సొంత హోల్‌సేల్ సొసైటీ పెట్టుకున్నయి. దుకాణాలకు సభ్యులు ఓనర్లు, హోల్‌సేల్‌కు దుకాణాలు ఓనర్లు. 1873ల సొంత బిస్కెట్ల ఫ్యాక్టరీ, సొంత బూట్ల ఫ్యాక్టరీ వచ్చినయి. తర్వాత సబ్బులు, పిండి మిల్లులు, బ్యాంకు, ఇన్సూరెన్స్.

ఇక్కడ ఒక చేదు ముచ్చట గూడ చెప్పకుంటె తప్పైతది. చాయపత్త కోసం ఆ సొసైటీ వాళ్లు సిలోన్‌ల, మన దక్షిణ భారతంల తేయాకు తోటలు కొన్నరు. ఇంగ్లండ్ కూలోడు ఓనర్ అయిండు. ఆ తోటల్ల ఆకు తెంపిన మన కూలోళ్లు మాత్రం కూలోళ్లుగనే ఉన్నరు. వాళ్లకు సభ్యత్వం లేదు, ఓటు లేదు, డివ్వీ లేదు. సహకారం అనే మాట ఎంత మంచిదైనా, ఎవలిని లోపటికి రానిస్తరు, ఎవలిని బయట ఉంచుతరు అని ఎప్పటికీ అడుగుకుంటనే ఉండాలె. మన ఊరి సొసైటీల కౌలు రైతుకు జాగ ఉన్నదా? భూమి తన పేరు మీద లేని ఆడమనిషికి ఓటున్నదా? ప్రశ్న అదే.

1863లనే ఇంకో దుకాణం

మాంచెస్టర్‌ల హోల్‌సేల్ పుట్టిన 1863నే తన పుట్టిన ఏడాది అని చెప్పుకునే ఇంకో బ్రిటిష్ దుకాణం మద్రాసుల ఉండేది. అదే స్పెన్సర్స్. తెల్లదొరలకు విలాయతి సరుకు అమ్ముటానికి పెట్టింది. దక్షిణ భారతం రైళ్లల్ల, స్టేషన్లల్ల తిండి సప్లయి గూడ చేసింది. 1989ల మన దేశపు ఆర్పీజీ గ్రూపు చేతికొచ్చింది. 2001ల హైదరాబాద్‌ల "జెయింట్" పేరుతోని దేశంలనే మొదటి హైపర్‌మార్కెట్ పెట్టింది ఈ గ్రూపే. 2024ల లెక్కలు కుదరక తెలుగు రాష్ట్రాల దుకాణాలు బందు పెట్టి పోయింది. దాంట్ల తప్పు పట్టేది ఏం లేదు, వ్యాపారం గట్లనే ఉంటది. లాభం యాడ ఉంటె ఆడికి పోతది. కానీ ఆ నిర్ణయంల హైదరాబాద్ గిరాకిదారుకు మాట లేదు. ఓనర్ దూరం ఉంటె దుకాణం మీద మనకు హక్కుండది. రెండు తీర్ల దుకాణాలకు తేడా ఇదే.

మన దిక్కు ఎట్ల వచ్చింది?

1904ల బ్రిటిష్ సర్కారు మన దేశంల సహకార పరపతి సంఘాల చట్టం చేసింది. రైతు షావుకారి అప్పుల మునిగి భూములు పోగొట్టుకుంటున్నడని, చిన్న అప్పులు ఇచ్చే సంఘాలు పెట్టాలనుకున్నరు. అప్పుల సంఘం నమూన జర్మనీకెళ్లి తెచ్చిండ్రు. కానీ ఒక సభ్యుడు ఒక ఓటు అనేది రాచ్‌డేల్ దిక్కుదే. అదే 1904ల మద్రాసు ట్రిప్లికేన్‌ల రాచ్‌డేల్ తీరుగ వినియోగదారుల సంఘం పుట్టింది. 1912ల ఇంకో చట్టం వచ్చి అన్ని తీర్ల సంఘాలకు తోవ తెరిచింది. నిజాం రాజ్యంల గూడ 1914 ప్రాంతంల సొంత సహకార చట్టం వచ్చింది.

కానీ ఒక తేడా చూడుండ్రి. రాచ్‌డేల్‌ల కిందికెళ్లి పైకి పోయింది. ముందుగాల జనం కలిసిండ్రు, రూల్స్ రాసుకున్నరు, చట్టం తర్వాత వచ్చింది. మన దగ్గర పైకెళ్లి కిందికి దిగింది. ముందుగాల చట్టం, రిజిస్ట్రార్, ఆడిటర్ వచ్చిండ్రు. ఆ తర్వాత సభ్యులు వచ్చిండ్రు. స్వాతంత్య్రం వచ్చినంక గూడ సర్కారు వాటాదారైంది, అప్పులు మాఫీ చేసింది, పాలకవర్గాలను రద్దు చేసింది, పర్సన్ ఇన్‌చార్జీలను పెట్టింది. మన ప్యాక్స్ ఎన్నికలే చూడుండ్రి. 2020 ఫిబ్రవరిల అయినయి. ఐదేండ్ల గడువు 2025 ఫిబ్రవరిల తీరింది. ఎన్నికలకు బదులు గడువు పొడిగింపు వచ్చింది. ఊళ్లె ఎంతమంది అడిగిండ్రు? నాకు తెలిసి టీ కొట్టు కాడ గూడ ఆ ముచ్చట నడవలేదు. సర్పంచ్ ఎన్నికలు ఆలస్యమైతె లొల్లి చేసినోళ్లం, దీనికి చేయలేదు. ఎందుకంటె అది మనదని మనకు అనిపించలేదు.

బ్రిటన్ కో-ఆప్ గూడ పడ్డది

ఆడ అంత మంచిగున్నది, ఈడ అంత ఖరాబున్నదని నేను చెప్పుతలేను. 20వ శతాబ్దం నడుమ దాక బ్రిటన్ల కో-ఆప్‌కు తిరుగులేదు. ఆ తర్వాత టెస్కో, సెయిన్స్‌బరీ లాంటి గొలుసులు పెద్ద పెద్ద సూపర్‌మార్కెట్లు కట్టి, ధరలు కోసి, గిరాకి గుంజుకున్నయి. వందల సంఘాలు దేనికదే ఉండుడుతోని కో-ఆప్ తొందరగ నిర్ణయాలు తీసుకోలేకపోయింది. సంఘాలు ఒకదాంట్ల ఒకటి కలుసుకుంట పోయినయి. 2001కి కో-ఆపరేటివ్ గ్రూప్ అనే పేరు వచ్చింది.

సంఘం పెద్దగయింది, సభ్యుడు చిన్నగయిండు. 2009ల 150 కోట్ల పౌండ్లకు పైన పెట్టి సోమర్‌ఫీల్డ్ అనే గొలుసును కొన్నరు. ఆ ఏడాదే కో-ఆప్ బ్యాంకు ఇంకో పెద్ద సంస్థను కలుపుకున్నది. 2013ల బ్యాంకు లెక్కల్ల 150 కోట్ల పౌండ్ల బొంద బయటపడ్డది. ఆ ఏడాది గ్రూపు నష్టం 250 కోట్ల పౌండ్లు. బ్యాంకు చేయిజారింది, పొలాలు, మందుల దుకాణాలు అమ్ముకున్నరు. బోర్డుల కూసున్న చానమందికి ఆ బ్యాంకు లెక్కలు సమజయ్యే తెలివి లేదని తర్వాత తేలింది. ఓట్లేసి ఎన్నుకునుడు ఒక్కటే సరిపోదు, ఎన్నుకున్నోళ్లకు పని రావాలె, ఎన్నుకున్నంక లెక్క అడగాలె.

అయినా అది సావలేదు. ఆస్తులు అమ్మి, బోర్డు రూల్స్ మార్చి, మల్ల నిలబడ్డది. 2025ల సైబర్ దాడి జరిగి 65 లక్షల మంది సభ్యుల వివరాలు దొంగల చేతిల పడ్డయి. దెబ్బ తగిలింది, కానీ దుకాణాలు నడుస్తనే ఉన్నయి. 65 లక్షల మంది ఓనర్లు ఉన్న దుకాణం అని ఆ దొంగతనమే లోకానికి మల్ల యాది చేసింది.

దూరమెందుకు, ముల్కనూర్ పోదాం

సిద్దిపేటకెళ్లి హుస్నాబాద్ మీదుగ ఎల్కతుర్తి పోయే తోవల ముల్కనూర్ వస్తది. ఇప్పుడు హన్మకొండ జిల్లా, కానీ మన హుస్నాబాదోళ్లకు పక్కూరే. 1956ల అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చుట్టుపక్కల ఊళ్ల రైతులను కలిపి ఆడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సొసైటీ పెట్టించిండు. అప్పు ఇస్తది, ఎరువు ఇస్తది, విత్తనాల వడ్లు పండిపిస్తది, రైతు వడ్లు తనే కొని సొంత మిల్లుల్ల బియ్యం పట్టించి అమ్ముతది. సభ్యులకు కిరాణ సరుకులు గూడ అమ్ముతది. అంటె అప్పిచ్చేటోడు, సరుకు అమ్మేటోడు, పంట కొనేటోడు ఈడ గూడ ఒక్కడే. కానీ ఆ ఒక్కడు డీలర్ కాదు, రైతులే. రాచ్‌డేల్ లెక్కనే లాభం మల్ల సభ్యుని దిక్కే వస్తది.

అదే ముల్కనూర్‌ల ఆడోళ్లు ఇంకో అడుగు ముందుకేసిండ్రు. ఊరూర పొదుపు సంఘాలు కట్టుకున్న మహిళలు 2002ల సొంత పాల డెయిరీ నడుపుడు మొదలువెట్టిండ్రు. పాలు పోసేటోళ్లు ఆడోళ్లే, పాలకవర్గం ఆడోళ్లదే. "స్వకృషి" పేరుతోని పాలు, పెరుగు అమ్ముతున్నరు. 1995ల వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వాళ్లకు తోవ చూపింది. ఆ చట్టం కింద రిజిస్టర్ అయితె సర్కారు వాటా ఉండది, సర్కారు పెత్తనం ఉండది. నష్టమైతె కాపాడే దిక్కు గూడ ఉండది. మంచి చెడు రెండు మనవే.

మరి మనం ఏం చేయాలె?

నేను మీకు కొత్త దుకాణం పెట్టుమని చెప్పుతలేను. ముందుగాల ఉన్నదాన్ని తెరిచి చూడుండ్రి. మీ ఇంట్ల ఎవలి పేరు మీద సొసైటీ సభ్యత్వం ఉన్నదో అడుగుండ్రి. వాటా ధనం ఎంత జమ అయిందో రశీదు తీయిండ్రి. లోన్ తీసుకున్నప్పుడు కోసుకున్న వాటా పైసలు చానమందికి యాదికే లేవు. మహాజన సభ ఎప్పుడైతదో తెలుసుకోండ్రి. బ్యానర్ కట్టి, చాయ తాగి, సంతకాలు పెట్టి లేచిపోయే సభ కాదు అది. పోయిన ఏడాది ఎరువు వ్యాపారంల ఎంత మిగిలింది? వడ్ల కొనుగోలు కమీషన్ ఎంత వచ్చింది, దేనికి ఖర్చైంది? ఆడిట్ రిపోర్టుల ఏం రాసిండ్రు? ఈ మూడు ప్రశ్నలు అడుగుండ్రి. బీకాం చదివి ఖాళీగున్న తమ్ముడొకడు, డ్వాక్రా లెక్కలు రాసే చెల్లె ఒకతి ఊరికొక్కలు ఉంటరు. బ్యాలెన్స్ షీట్ చదివి అందరికి సమజయ్యేటట్టు చెప్పుడు వాళ్లతోని అయితది.

ఇంకోటి, పని లేదని ఊరు ఇడిసి పోతున్న మనకు ఇది నౌకరీ ముచ్చట గూడ. ముల్కనూర్‌ల మిల్లులు, డెయిరీ నడవాలంటె లెక్కలు రాసేటోళ్లు, మిషన్ నడిపేటోళ్లు, బండ్లు తోలేటోళ్లు కావాలె. ఊరి పంట ఊళ్లనే సరుకైతె, ఆ పని గూడ ఊళ్లనే పుడతది.

2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సహకార సంవత్సరంగ ప్రకటించింది. ఫ్లెక్సీలు కట్టిండ్రు, ఏడాది గడిచింది. రాచ్‌డేల్ నేతగాళ్లకు ఎవలు ఫ్లెక్సీ కట్టలేదు. వాళ్ల దగ్గర ఉన్నది వారానికి రెండు పెన్నీలు, ఒక రూల్స్ బుక్కు, ప్రతి సభల లెక్క అడిగే అలవాటు. మొదటి రెండు ఇప్పటికే మన సొసైటీ బీరువల ఉన్నయి. మూడోది మనం పట్టుకపోవాలె.